అలుగు దాకా రాని వాన కబురు

నడిగూడెంలో చేసిన స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆయన పేరు నా వెనక కట్టిన గుడ్డ మీద రాసి ఉంది. కానీ ఈ ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మనందరికీ ఆయన సారు. నేనూ ఈ గంటసేపు సారు అనే అంటాను.

సారు పోయిన నెలకు వాళ్ల అమ్మాయి నాకొక గోనెసంచి పంపింది. అందులో అట్టలు ఊడిపోయిన పొడుగు నోటుపుస్తకాలు, ఒక రేకు గరాటు, చుట్టూ గీతలున్న ఒక గాజు కొలపాత్ర ఉన్నాయి. బడి వెనక గోడ పక్కన వాన కొలిచేవి అవే. నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ అయిదు గళ్లు గీసుకున్నారు: తేదీ, వాన, గాలి, చెరువు, మాట. మొదటి నాలుగూ ఎవరైనా ఊహించగలరు. అయిదో గడిలో ఆ రోజు ఊళ్లో వాన గురించి ఎవరేమన్నారో రాసుకున్నారు. ఒక కార్తీకమాసపు పేజీలో ఇలా ఉంది: “నీరటి: చంద్రుడికి పెద్ద గుడి కట్టింది, రెండు రోజుల్లో పడుద్ది.” కింద: “రేడియో: ఒకటి రెండు చోట్ల జల్లులు.” మర్నాటి గడిలో: “తూము దగ్గర పెద్దమ్మ: కట్ట చెమర్చింది.” ఆ పై రోజు వాన గడిలో మిల్లీమీటర్ల అంకె, చెరువు గడిలో “అలుగు మీద జానెడు.”

ఈ నాలుగు వాక్యాలే ఈ రోజు నా ఉపన్యాసం. ఆకాశాన్ని చూసినవాడి మాట, రేడియో మాట, మట్టిని చూసిన మనిషి మాట, చివరికి నీళ్ల మాట. సారు వాటిని ఒకే వరుసలో పెట్టారు. నేను చిన్ననీటి పనుల్లో ఇంజనీరుగా తల పండించుకున్నవాణ్ణి. అయినా ఆ వరుసలో ఏముందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మన దగ్గర వాన సూచన ఆకాశం నుంచి బయల్దేరి జిల్లా దాకా వస్తున్నది, మండలం దాకా వస్తున్నది, ఇప్పుడు ఫోను దాకా కూడా వస్తున్నది. అలుగు దాకా రావడం లేదు. ఆ చివరి అడుగు పడనంత కాలం అది సగం కబురే.

అన్ని పేజీల్లో ఆ కార్తీకపు పేజీనే, అంటే చలికాలపు వాననే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి. వాన అనగానే మనకు మృగశిర, ఆరుద్ర గుర్తొస్తాయి. లెక్కా అలాగే ఉంది. తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా సగటున 74 సెంటీమీటర్ల వాన పడితే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేది 11 సెంటీమీటర్లే. దాదాపు ఏడో వంతు. అందుకే ఆ మూడు నెలల వానను మనం లెక్కలో పెట్టుకోం. కానీ ఆ 11 సెంటీమీటర్లూ తీరిగ్గా మూడు నెలల పాటు పడవు. కొన్నేళ్లు చుక్క రాలదు. కొన్నేళ్లు ఒక్క రాత్రిలోనే అంతా పడుతుంది, ఆపైన ఇంకో అంత పడుతుంది. స్వాతి వానకు సముద్రాలు నిండుతాయన్న మాట ఊరికే పుట్టలేదు.

జూన్‌లో పది సెంటీమీటర్లు పడితే ఏమవుతుంది? నెర్రెలు తాగుతాయి. చెరువు అడుగు తడుస్తుంది. పిల్లలు గంతులేస్తారు, రైతు విత్తనాల కోసం కోదాడ పోతాడు. అదే పది సెంటీమీటర్లు నవంబరులో పడితే నేలకు దాహం లేదు. చెరువు అప్పటికే అలుగు అంచు మీద ఉంది. వరి కంకి బరువుతో వంగి ఉంది, లేదంటే కోసి కల్లంలో ఆరబోసి ఉంది. పత్తి కాయ విచ్చుకుని తెల్లగా నవ్వుతున్నది. వాన అదే, కొలపాత్రలో అంకె అదే, కానీ అది దిగడానికి చోటు లేదు. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. ఈ కొలత మృగశిరకూ అదే, స్వాతికీ అదే. నేల ఎంత తడిసి ఉందో, చెరువు ఎంత నిండి ఉందో, కల్లంలో ఎవరి గింజలున్నాయో ఆ అంకె చెప్పదు. అది చెప్పాల్సింది ఊరు.

ఇక ఈ కాలపు వాన ఎలా వస్తుందో చూద్దాం. నైరుతి వాన గుంపుగా వస్తుంది, రాష్ట్రమంతా ముసురు పడుతుంది, ఒక ఊరు తప్పినా పక్క ఊళ్లో దొరుకుతుంది. చలికాలపు వాన ఒంటరిగా వస్తుంది. అండమాన్ దగ్గరో, బంగాళాఖాతం దక్షిణాన్నో ఒక అల్పపీడనం పుడుతుంది. అది వాయుగుండమై, తుఫానై, పడమర వైపూ వాయవ్యం వైపూ జరుగుతూ వస్తుంది. దారిలో పొడిగాలి లోపలికి చొరబడితే అక్కడే నీరసించి చనిపోతుంది. పైగాలులు అనుకూలిస్తే తీరం దాటాక కూడా తన తేమను మోసుకుంటూ లోపలికి నడుస్తుంది. ఎక్కడ మలుపు తిరుగుతుందో అన్నదాని మీదే మన కథంతా ఉంటుంది. ఇప్పుడు మన వాతావరణ శాఖ ఒక రోజు ముందు తుఫాను దారి చెబితే సగటున 70, 80 కిలోమీటర్ల తేడా వస్తున్నది. ఒకప్పటితో పోలిస్తే అది గొప్ప పని. సముద్రం మీద తిరిగే సుడిని అంత దగ్గరగా పట్టుకోవడం సామాన్యం కాదు, ఆ శాస్త్రజ్ఞులకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ 70, 80 కిలోమీటర్లంటే మనకెంత? సూర్యాపేటలో బస్సెక్కి కోదాడ మీదుగా జగ్గయ్యపేట దాటేంత. ఆ తేడాలో మన ఊళ్లన్నీ ఉన్నాయి.

2012లో నీలం తుఫాను అక్టోబరు 31న తీరం దాటింది తమిళనాడులో, మహాబలిపురం దగ్గర. ఎక్కడి మహాబలిపురం! కానీ దాని మిగులు మేఘాలే నవంబరు మొదటి వారంలో ఆంధ్ర కోస్తాను ముంచాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మన కళ్లన్నీ కాకినాడ మీద, కోనసీమ మీద ఉన్నాయి. మర్నాడు మునిగింది వరంగల్. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు దాటి పడింది. తీరం దాటిన చోటు నుంచి అది రెండు వందల కిలోమీటర్లకు పైన లోపల. తుఫాను తీరం దాటిందంటే మనం ఊపిరి పీల్చుకుంటాం, టీవీలో గీత అక్కడితో ఆగిపోతుంది గనుక. వాన అక్కడ ఆగదు.

తీరంలో మనుషులు ఒక సంగతి నేర్చుకున్నారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయాక, కోస్తాలో తుఫాను షెల్టర్లు కట్టారు, మచిలీపట్నంలో రాడార్ వచ్చింది, హార్బర్లలో జెండా ఎగరేస్తే దాని అర్థం ప్రతి జాలరికీ తెలుసు. జెండా నంబరు మారితే పడవ ఒడ్డుకు లాగుతాడు. అంటే అక్కడ వాన కబురు సముద్రం దగ్గర బయల్దేరి పడవ తాడు దాకా వస్తుంది. లోపలి ఊళ్లలో మనకు ఆ జెండా లేదు. మన దగ్గర నీళ్లు వచ్చేది సముద్రం నుంచి కాదు, ఎగువ ఊరి చెరువు నుంచి, వాగు నుంచి, కాలువ నుంచి. వాటికి ఎవరు జెండా ఎగరేయాలి?

రాడార్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, పిల్లలు శ్రద్ధగా వినండి. మనకు దగ్గరి రాడార్లు రెండు, ఒకటి హైదరాబాదులో, ఒకటి మచిలీపట్నంలో. రెండూ ఇక్కడికి సూటిగా నూటయాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. రాడార్ కిరణాన్ని నేల బారుగా పంపరు, చెట్లూ మేడలూ అడ్డొస్తాయి. అర డిగ్రీ పైకెత్తి పంపుతారు. అది పోయినకొద్దీ పైకి లేస్తుంది, భూమేమో గుండ్రంగా కిందికి వంగుతుంది. లెక్క కడితే మన నెత్తి మీదికి వచ్చేసరికి ఆ కిరణం దాదాపు రెండున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎండాకాలపు ఉరుముల మబ్బు పది కిలోమీటర్లు దాటి ఎదుగుతుంది, దాన్ని రాడార్ చక్కగా చూస్తుంది. చలికాలపు ముసురు మబ్బు పొట్టిది. దాని తలే రాడార్‌కు కనపడుతుంది, కడుపు కనపడదు. వాన తయారయ్యేది కడుపులో. అందుకని ఫోన్లో రంగుల బొమ్మ లేత పచ్చగా ఉన్నప్పుడు కూడా ఇక్కడ చూరు ఏకధారగా కారుతూ ఉండొచ్చు. అది యంత్రం తప్పు కాదు. మనం రెండు దీపాల నడుమ ఉన్న చీకటి చోట నిలబడి ఉన్నాం, అంతే. ఆ చీకట్లో నేల మీద కొలిచిన ఒక్క అంకె కూడా బంగారం. సారు రేకు గరాటు విలువ అది.

కంప్యూటర్ల లెక్కా మెరుగవుతున్నది. 2025 మే నెలలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దేశాన్ని ఆరు కిలోమీటర్ల గళ్లుగా కోసి చూస్తుంది. అంతకుముందు పన్నెండు కిలోమీటర్లుండేది. ఆరు కిలోమీటర్ల గడిలో రెండు మూడు ఊళ్లు, నాలుగైదు చెరువులు పడతాయి. మన రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాలు గంట గంటకూ వాన చెబుతున్నాయి. 2020 అక్టోబరులో దక్షిణాసియా కోసం ఆకస్మిక వరదల హెచ్చరిక ఏర్పాటు మొదలైంది, చిన్న చిన్న పరీవాహకాలకు ఆరు గంటల ముందు ముప్పు చెబుతుంది. సామగ్రి లేదని ఎవరూ అనలేరు.

మరి ఎక్కడ తెగుతున్నది? మొదట మాటలో తెగుతున్నది. “ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు” అని వింటాం. దానర్థం ఏమిటని ఈ సభలో చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయి? జిల్లాలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతులోపు కేంద్రాల్లో పడొచ్చని దాని అర్థం. “కొన్ని చోట్ల” అంటే సగం దాకా. “అనేక చోట్ల” అంటే ముప్పాతిక దాకా. ఇవి లెక్కలు పెట్టుకున్న మాటలు. వినేవాడికి మాత్రం “ఒకటి రెండు చోట్ల” అంటే ఎక్కడో, మనకు కాదు అని వినిపిస్తుంది. మాట మనదే, అర్థం మనది కాదు.

ఈ ఊళ్లో నిలబడి ఈ ముక్క అనడానికి నాకు హక్కుందనుకుంటాను. మునగాల పరగణా జమీందారు రాజా నాయని వెంకట రంగారావు గారి కోట ఇక్కడే ఉంది. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టించి, చరిత్రా శాస్త్రమూ తెలుగువాడు తెలుగులో చదువుకోవాలని పుస్తకాలు వేయించారు. పింగళి వెంకయ్య గారు పత్తి వంగడాల మీద కుస్తీ పట్టింది కూడా ఈ పరగణా నేలలోనే. జాతీయ పతాకం పేరుతో తలచుకునే ఆయన్ని ఆ రోజుల్లో పత్తి వెంకయ్య అని పిలిచేవారు. శాస్త్రం పొలం గట్టు దాకా రావాలన్న పట్టుదల ఈ మట్టికి కొత్త కాదు. తుఫాను బులెటిన్ కూడా శాస్త్రమే. దాన్ని కూడా పొలం గట్టు దాకా తీసుకురావాలి.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకోవాలి. ఉద్యోగం విరమించాక ఒక డిసెంబరులో తుఫాను వస్తున్నది. రాత్రి తొమ్మిదింటికి మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, రేపు కాంటా పెడతామన్నారు. వడ్లు ఆరబోసే ఉన్నయ్. కుప్ప చేసి పట్టాలు కప్పమంటవా, పొద్దున దాకా ఉండనీయమంటవా?” అప్పటికి తేమ పద్దెనిమిదో పందొమ్మిదో ఉంది. పదిహేడుకు దిగితే గాని కొనరు. ఇంకో పూట ఎండ తగిలితే దిగుతుంది. నేను బులెటిన్ చదివి ఉన్నాను. మన జిల్లాకు “ఒకటి రెండు చోట్ల వర్షాలు” అని ఉంది. “తుఫాను కోస్తా వైపు పోతున్నదిరా, మనకు జల్లే” అన్నాను. ఇంజనీరు బావ చెప్పాడు గదా అని వాడు నిద్రపోయాడు. తెల్లవారుజామున మూడింటికి మొదలైంది. నేను పోయి చూసేసరికి వడ్ల కింద నీళ్లు పారుతున్నాయి, వాన మొదలయ్యాక పైన పరిచిన పట్టా చెరువులా నిండి ఉంది. వాడూ వాడి భార్యా కుంచాలతో నీళ్లు తోడుతున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. మూడో రోజుకు గింజకు తెల్లటి మొలక వచ్చింది, సూది మొన అంత. ఆ మొలకలున్న గింజలు ఒక గుప్పెడు తీసి నా చేతిలో పోసింది మా చెల్లెలు. అవి నేను చాలా కాలం దాచుకున్నాను.

బులెటిన్ అబద్ధం చెప్పలేదు. ఆ ఒకటి రెండు చోట్లలో ఒక చోటు మాది. తప్పు ఎక్కడంటే, నేను ఆకాశాన్నే చదివాను. వాడు అడిగింది ఆకాశం గురించి కాదు, కుప్ప గురించి. పట్టాలు కప్పితే పోయేది ఒక పూట ఎండ. కప్పకపోతే పోయేది పంట. అంత తేడా ఉన్నప్పుడు పదిలో రెండు పాళ్లు వాన పడొచ్చన్నా కప్పమనే చెప్పాలి. సూచన చదవడమంటే వాన వస్తుందా రాదా అని తేల్చడం కాదు. వస్తే ఏం పోతుంది, రాకపోతే ఏం పోతుంది అని రెండు తట్టల్లో పెట్టి తూచడం. ఇది మా ఇంట్లో రైతుకు తెలుసు, నాకు తెలియదు. దాళ్వా నారుమడికి చలి దెబ్బ తగులుతుందా, తెల్లవారుజామున హైవే మీద మంచు కమ్ముతుందా అన్న సూచనలకూ ఇదే తూకం.

నీళ్ల దగ్గరికి వద్దాం. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. ఆ ముందు రాత్రి ఈ హాల్లో ఉన్న ఎవరికీ నిద్ర లేదు. అది చలికాలం కాదు, కానీ మనకు అంతకంటే దగ్గరి పాఠం లేదు. వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర, ఇక్కడికి 450 కిలోమీటర్ల పైన. వానాకాలపు వాయుగుండాల్లో వాన ఎక్కువగా కురిసేది కేంద్రం దగ్గర కాదు, దానికి నైరుతి మూలన. ఆ మూలలో మనమున్నాం. మహబూబాబాద్ జిల్లాలో కొన్ని చోట్ల 40 సెంటీమీటర్లు దాటింది, అక్కడ ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది. కోదాడ వీధుల్లో కార్లు తేలాయి. మన నడిగూడెం మండలంలో కాగిత రామచంద్రాపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది.

ఆ గండి మీలో చాలామంది చూశారు. నేనూ చూశాను. కట్ట తెగిన చోట ఎర్రమట్టి అంచు కత్తితో కోసినట్లు నిలువుగా ఉంది. కింద పొలాల్లో వరి ఆనవాలు లేదు, ఇసుక మేటలు, వాటి మధ్య ఒక మోటారు పైపు ఆకాశం వైపు చూస్తున్నది. ఆ రోజు హెచ్చరిక లేదని నేను అనను. రెడ్ అలర్ట్ ఉంది. భారీ నుంచి అతి భారీ వర్షాలని చెప్పారు. చెప్పినట్లే పడింది. కానీ ఆ వాన ఈ కాలువకు ఏం చేస్తుందని ఊరికి ఎవరూ చెప్పలేదు.

లాల్ బహదూర్ కాలువ అని పిలిచే ఈ ఎడమ కాలువ వాలు వెంట కాదు, ఎత్తు గీతల వెంట నడుస్తుంది. అంటే పై నుంచి దిగే ప్రతి చిన్న వాగునూ అడ్డంగా దాటుతుంది. ఆ వాగుల కోసం కాలువ కింద నుంచి సొరంగాలు పెట్టారు, మనం యూటీలంటాం. మామూలు వానకు అవి చాలుతాయి. అంతకు మించి పడితే ఎగువన నీళ్లు చెరువై కట్టను ఒరుసుకుంటాయి. ఎక్కడో ఒక చోట కాలువలోకే దూకుతాయి. కాలువలో ముందే సాగర్ నీళ్లు ఉన్నాయి. దిగువన పాలేరు రిజర్వాయరు నిండి ఉంటే నీళ్లు పోయే దారి లేదు. అప్పుడు రెండు వైపుల నుంచి నానిన కట్టకు ఒక ఎలుక బొరియ చాలు. ఇది కొత్త సంగతి కూడా కాదు. 2022 సెప్టెంబరు 7న మిర్యాలగూడ వైపు నిడమనూరు దగ్గర ఇదే కాలువకు యూటీ దగ్గరే గండి పడింది. రెండేళ్ల తేడాతో ఒకే కాలువ, ఒకే నెల. కాలువ నిండుగా పారే రోజుల్లో భారీ వాన సూచన వస్తే, వాన మొదలవకముందే కాలువ ఎంత తగ్గించాలి, ఏ యూటీ దగ్గర మనిషి కాపలా ఉండాలి అన్నది ఆ సూచనలో భాగం కావాలి. ఆయకట్టు ఆఖరి తడి కోసం నవంబరులో కాలువ వదిలే ఏడాది తుఫాను వస్తే మనం మళ్లీ అదే కట్ట మీద నిలబడతాం.

చెరువులది ఇంకా సూక్ష్మం. ఒక లెక్క వేద్దాం, పిల్లలు నోటుపుస్తకంలో రాసుకోండి. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన అంటే 40 వేల లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరంటే కోటి లీటర్లు. ఒక చెరువులోకి పది చదరపు కిలోమీటర్ల నుంచి నీళ్లు దిగుతాయనుకోండి. 20 సెంటీమీటర్లు పడితే 200 కోట్ల లీటర్లు. జూన్‌లో అందులో చాలా భాగం నేల తాగుతుంది. నవంబరులో సగమైనా దిగుతుంది. ఆ వంద కోట్ల లీటర్లు ఆరు గంటల్లో వస్తే సెకనుకు దాదాపు 1,600 క్యూబిక్ అడుగులు, అంటే 1,600 క్యూసెక్కులు. ఈ చెరువు అలుగు అంత నీటిని పంపగలదా? పంపితే కింద గొలుసులో ఉన్న చెరువు దాన్ని పట్టగలదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిసిన ఊరికి 20 సెంటీమీటర్లు అన్న మాట వినపడగానే కాళ్లు కదులుతాయి. మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు లెక్కించారు. ఎన్ని చెరువులకు ఈ జవాబు కట్ట మీద రాసి ఉంది?

ఒకప్పుడు జవాబు రాసి ఉండేది కాదు, నడుస్తూ ఉండేది. దానికి నీరటి అని పేరు. కొన్ని చోట్ల నీరుగంటి అంటారు. తూము ఎంత ఎత్తాలో, ఏ మడికి ఎన్ని గంటలు పారాలో, కట్టలో ఏ చోట బుంగ పడే గుణం ఉందో ఆయనకు అరికాలి కింద తెలుసు. సారు పుస్తకంలో నీరటి పేరు లేదు, ‘నీరటి’ అనే ఉంది, కానీ మాట గడిలో అందరికంటే ఎక్కువసార్లు ఆయనే ఉన్నాడు. చంద్రుడి చుట్టూ వలయాన్ని మనం వరదగుడి అంటాం. నీరటి దాన్ని చూసి రెండు రోజుల ముందు వాన చెబితే నేను ఇంజనీరింగు చదువుకునే రోజుల్లో నవ్వాను. తర్వాత తెలిసింది. తుఫాను రాకముందే దాని నెత్తి మీది నుంచి మంచు స్ఫటికాల పల్చని మబ్బు వందల కిలోమీటర్లు ముందుకు పరుచుకుంటుంది. ఆ స్ఫటికాల్లో వంగిన వెన్నెలే గుడి. నీరటికి స్ఫటికం తెలియదు, తుఫాను ముందు అది వస్తుందని తెలుసు. గుడి కట్టిన ప్రతిసారీ వాన పడలేదని కూడా సారు పుస్తకంలోనే ఉంది. పడని రోజులనూ ఆయన అంతే శ్రద్ధగా రాశారు. అది శాస్త్రం. పాత మాట పూర్తిగా నిజమనేవాళ్లనూ, పూర్తిగా అబద్ధమనేవాళ్లనూ నేను చాలామందిని చూశాను. పక్కపక్కన రాసి పోల్చి చూసిన మనిషిని సారునొక్కరినే చూశాను.

కొలపాత్ర గురించి ఒక్క మాట. వాతావరణ శాఖ ఉదయం ఎనిమిదిన్నరకు వాన చదువుతుంది. ఆ అంకె గడిచిన ఇరవై నాలుగు గంటలది. 120 మిల్లీమీటర్లు అని రాస్తే అది రోజంతా నిదానంగా పడిందో, రాత్రి రెండు గంటల్లో కుండపోతగా పడిందో తెలియదు. చెరువుకు మాత్రం ఆ తేడానే ప్రాణం. అందుకే ముసురు పట్టిన రాత్రుళ్లలో సారు మూడు గంటలకొకసారి లాంతరు పట్టుకుని లేచేవారు. వాన గడిలో ఆ రోజు నాలుగైదు చిన్న అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పక్కనే చెరువు గడిలో బెత్తెడు, జాన, మూర. కొన్నేళ్లవి వరుసగా చూస్తే ఈ చెరువుకు వాన దిగడానికి ఎంతసేపు పడుతుందో కంటికి కనపడుతుంది. వేసవి చివర పడిన వానకు చెరువులో నీళ్లు మరునాడు మధ్యాహ్నం పెరిగేవి. కార్తీకంలో పడిన వానకు కోడి కూయకముందే అలుగు పోసేది. ఏ కంప్యూటరూ ఈ చెరువు గురించి ఆ మాట చెప్పలేదు, దానికి ఈ చెరువు తెలియదు గనుక.

కాబట్టి నేను అడుగుతున్నవి చిన్నవి. ఈ ఉపన్యాస నిధి వడ్డీతో బడి వెనక కొత్త వానకొలత పెడదాం. తొమ్మిదో తరగతి పిల్లలు వంతులవారీగా ఎనిమిదిన్నరకు చదివి, పంచాయతీ బోర్డు మీద రాయాలి. అలుగు రాతి గోడ మీద అడుగు అడుగుకూ గీతలు గీసి, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వేయాలి. బులెటిన్‌లో వాడే రంగులే అలుగు మీద కూడా ఉంటే ఫోన్లో ఎరుపు చూసినవాడు కట్ట మీదికి పోయి అక్కడి ఎరుపుకు నీళ్లెంత దూరంలో ఉన్నాయో చూసుకుంటాడు. ఎగువ ఊరి అలుగు పోసిందన్న మాట దిగువ ఊరికి చేరవేయడానికి ఊరికిద్దరి ఫోన్ నంబర్లు గ్రామ పంచాయతీ గోడ మీద ఉండాలి. అక్టోబరు 15 నుంచి డిసెంబరు నెలాఖరు దాకా కొనుగోలు కేంద్రాల్లో ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు సూచన చదివి, పట్టాలు కప్పాలా వద్దా అని ఒక్క మాట బిగ్గరగా చెప్పాలి. కాలువ పక్క ఊళ్లలో ఏ యూటీ దగ్గర రాత్రి ఎవరు కాపలా ఉంటారో పేర్లు ముందే రాసుకోవాలి. పంచాయతీలో ఇప్పుడు నీరటి కొలువు లేదు. ఆ పని చేసేవాడికి నెలకింత అని ఇవ్వడానికి ఊరు సిద్ధపడితే నా వంతు నేనిస్తాను.

నోటుపుస్తకాల్లో ఆఖరిది సగం ఖాళీగా ఉంది. చివరిగా రాసిన పేజీలో వాన గడిలో సున్నా. చెరువు గడిలో “అలుగుకు రెండడుగులు తక్కువ.” మాట గడిలో ఏమీ లేదు, గడి గీసి వదిలేశారు.

రంగు డబ్బాలు, కుంచెలు బడి వరండాలో పెట్టించాను. కొలత టేపు నా దగ్గరుంది. పిల్లల్లో ఈత వచ్చినవాళ్లనే అలుగు దగ్గరికి రానివ్వండి, నీళ్లు ఇంకా చల్లగా, లోతుగా ఉన్నాయి. ఎండ ముదరకముందే బయల్దేరుదాం.